ఇగ నువ్వు చెప్పు

భూపాల్ చొక్కా జేబులో రెండు పెన్సిల్ సెల్లులున్నాయి. అవి ఎక్కడివో పోయిన వారం చదివినవారికి తెలుసు. చదవనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. మనిషి చేసిన పాడుపని తెలియకపోతే వాడి మీద జాలి పడటం కుదరదు కదా.

భూపాల్ బొగ్గు బాయిలో హాలేజ్ ఇంజన్ నడుపుతాడు. అతని భార్య మల్లక్కకు నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. మెడ కింద కుడిచేతి చూపుడువేలు తప్ప ఏదీ ఆమె చెప్పినట్టు వినడం లేదు. తెలివి మాత్రం చెక్కుచెదరలేదని డాక్టరు చెప్పాడు. అక్షరాలు రాసిన అట్ట వేలి కింద పెట్టి చూపించమంటే అన్నీ రెండేసి కనబడి పాపం వేలు ఎక్కడ పెట్టాలో తెలియక ఏడ్చింది. అప్పుడు పక్క క్వార్టరు నుంచి బద్రుద్దీన్ వచ్చాడు. చౌరస్తాలో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఆయనది. కొడుకు షాబాజ్ బాయిలో ఫిట్టరు కాబట్టి కాలనీలో కాపురం. ఆయనకు కుర్రతనం నుంచీ రేడియో పిచ్చి. సర్కారు లైసెన్సు తీసుకుని దేశదేశాల వాళ్లతో పొట్టి కూతా, పొడుగు కూతా కలిపి అక్షరాలు పంపుకునే విద్య నేర్చాడు. మోర్సు అంటారు దాన్ని. మల్లక్క వేలి కింద ఒక బటనూ, బటను నొక్కితే కూసే ఒక డబ్బా, డబ్బాలో రెండు సెల్లులూ పెట్టి, ఆ విద్య ఆమెకు నేర్పాడు. అంగన్‌వాడీలో పంతులమ్మగా చేసిన మనిషి, మూడు వారాల్లో పట్టేసింది. ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టసాగింది.

నిన్న భూపాల్ డ్యూటీ నుంచి వచ్చేసరికి మల్లక్క నవ్వుతోంది. సగం నోటితో వచ్చే నవ్వు. ఈ నాలుగు నెలల్లో తనకు ఒక్కసారి కూడా దొరకని ఆ నవ్వు బద్రుద్దీన్‌కు దొరికింది. ఈ పొద్దున మొదటి షిఫ్టుకు పోతూ పోతూ భూపాల్ డబ్బా మూత తీసి, సెల్లులు రెండూ జేబులో వేసుకున్నాడు. భార్య నోరు మూసి డ్యూటీకి పోయాడన్నమాట. ఆమె చూస్తూనే ఉంది.

ఇదీ సంగతి. ఇక ఈ మధ్యాహ్నం.

మూడున్నరకు మోటారు సైకిల్ ఆపి గేటు తీస్తుండగానే లోపలి నుంచి డబ్బా కూత వినబడింది. భూపాల్ గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. సెల్లులు తన జేబులో ఉన్నాయి. కూత ఇంట్లో ఉంది. అంటే బద్రుద్దీన్ కొత్తవి తెచ్చాడు. ఆ మనిషికి కొట్టు లేదా, గిరాకీ లేదా, కాలనీలో ఇంకొక ఇల్లు లేదా అనుకుంటూ చెప్పులు విప్పాడు. ఒకటి గుమ్మం దాకా పోయి పడింది.

లోపల మంచం పక్కన స్టూలు మీద బద్రుద్దీన్ కూర్చున్నాడు. ఒళ్లో నోట్‌బుక్కు, చెవి మీద పెన్సిలు. ఆయన భార్య రుక్సానా భూపాల్ డ్యూటీలో ఉన్నంతసేపూ మల్లక్కను చూసుకుంటుంది. ఇప్పుడామె తన పని అయిపోయి ఇంటికెళ్లినట్టుంది.

"రా తమ్మీ, కూసో. సెల్లులు కనబడలే, అయిపోయి పడేసినవేమో అని కొత్తయి ఏసిన" అన్నాడు బద్రుద్దీన్.

పడేశాడని ఆయన నిజంగానే అనుకున్నాడో, తెలిసీ మర్యాదకు అలా అన్నాడో భూపాల్‌కు తేలలేదు. మర్యాదే అయితే అది మరీ మండించే విషయం. జేబులోంచి సెల్లులు తీసి మందుల బల్ల మీద పెట్టాడు.

"అయిపోలే. నేనే తీసిన."

బద్రుద్దీన్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎందుకు తమ్మీ?"

"నా ఇంట్ల నా పెండ్లాం ఏం మాట్లాడుతుందో నాకు తెల్వది. నీకు తెలుస్తది. ఎట్లుంటది భాయ్, నువ్వే చెప్పు. ముప్పై రెండేండ్ల సంసారం మాది. నీళ్లు నేను తాపుత, ఒళ్లు నేను తుడుస్త, నెత్తి నేను దువ్వుత. ముచ్చట మాత్రం నీతోని."

"నేర్చుకోమని నెల సంది చెప్తనే ఉన్న."

"నాతోని మాట్లాడాలని దానికి ఉంటే గదా నేను నేర్చుకునుడు. పక్కన కూసుంటే చాలు, పొమ్మంటది."

"ఎవరు, చెల్లె పొమ్మంటదా?"

"అగో, మంచంలనే ఉన్నది. అడుగు."

మల్లక్క కళ్లు భర్త మొహం మీదున్నాయి. ఎడమకన్ను మూసి, కుడికంటితో చూస్తోంది. అలా చూస్తేనే ఆమెకు ఒక్క భూపాల్ కనబడతాడు. లేకపోతే ఇద్దరు. ఒక్కడితోనే వేగడం కష్టంగా ఉన్న రోజులివి.

"పొమ్మని ఎట్లంటది?" అన్నాడు బద్రుద్దీన్.

"మూడు కొడ్తది."

"మూడు కొడితే?"

"ఆగిన ఇంజన్‌కు మూడు కొడితే కదులు అని. ఇగ నేను కదులుత."

బద్రుద్దీన్ ఎప్పుడూ బాయిలో దిగిన మనిషి కాదు. ఆయనకు అర్థం కాలేదు. భూపాల్ విసుక్కుంటూ చెప్పాడు. హాలేజ్ ఇంజన్ దగ్గర కూర్చున్నవాడికి బొగ్గు నింపే టబ్బులు కనబడవు. అవి ఎక్కడో ఏటవాలు దారిలో, తాడు చివర ఉంటాయి. అక్కడున్నవాడు గంట కొడతాడు. ఒకటి కొడితే ఆపాలి. రెండుకొక అర్థం ఉంది. మూడు కొడితే కదలాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా భూపాల్ పని అదే. గంట లెక్కపెట్టడం, లెక్క ప్రకారం చెయ్యి కదపడం. లెక్క తప్పితే కింద మనిషి నలిగిపోతాడు. అందుకే అతను ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంట్లో మాత్రం బాయి ముచ్చట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. గంట మూడుసార్లు మోగితే అర్థమేంటో మల్లక్కకు తెలిసే అవకాశమే లేదని ఆ విసురులో అతనికి తట్టలేదు.

బద్రుద్దీన్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత మంచం వైపు వంగి, "చెల్లె, ఈయనకు నువ్వు పంపేది జర ఇంకోసారి పంపు" అన్నాడు.

డబ్బా మూడుసార్లు కూసింది.

"ఇదేనా?"

"ఇదే" అన్నాడు భూపాల్. అలవాటుకొద్దీ మోకాళ్లు లేవడానికి సిద్ధమయ్యాయి కూడా.

"ఇది పొమ్మనుడు గాదు తమ్మీ. ఇది 'కె' అనే ఒక్క అక్షరం. రేడియోల మేము మాట్లాడేటప్పుడు ఒకల మాట అయిపోయినంక ఆఖరికి ఇది కొడతం. నాదైంది, ఇగ నువ్వు చెప్పు అని. చెల్లెకు మొట్టమొదలు నేర్పిన అక్షరమే ఇది. అవుతలోళ్లు చెప్పకపోతే ముచ్చట నడువదు గదా."

భూపాల్ లెక్కపెట్టడం వచ్చినవాడు కదా, మనసు దానంతటదే లెక్కపెట్టింది. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒకసారి. వచ్చాక టీ తాగించేటప్పుడు ఒకసారి. అన్నం పెట్టి మూతి తుడిచాక ఒకసారి. నెల రోజులు. నువ్వు చెప్పు అని ఆమె అడిగిన ప్రతిసారీ అతను లేచి, గ్లాసు తీసుకుని, బయటికి పోయి రేకుల పందిరి కింద కూర్చుని పళ్లు కొరుక్కున్నాడు.

"నువ్వు లేచిపోతవని నాతోని చెప్పింది" అన్నాడు బద్రుద్దీన్ మెల్లగా. "అడుగుత అంటే అడుగొద్దన్నది. ఆయనకు నాతోని మాట్లాడబుద్ధి అయితలేదు భాయ్, ఇడిసిపెట్టు అన్నది."

చూడండి మనిషి బుద్ధి. గుండె పిండేసే మాట విని కూడా భూపాల్‌కు ముందు తోచింది, ఆ మాట ఆమె ఈయనతో చెప్పుకుందే అని. తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ మంట పోలేదు.

"నేర్పు" అన్నాడు. "మొత్తం వద్దు. గా ఒక్కటి నేర్పు."

బద్రుద్దీన్ బటను తన ఒళ్లోకి తీసుకుని నొక్కాడు. "ఇదేంది?"

"మూడు."

ఇంకోలా నొక్కాడు. "ఇది?"

"మూడు."

"ఇది ఎస్, అది ఓ. కె కాదు రెండిట్ల ఏదీ. మంచిగ ఇను. పొడుగు, పొట్టి, పొడుగు. ఇగ ఇది ఏంది?"

"మూడే భాయ్. నువ్వు పొద్దుమూకేదాంక కొట్టినా మూడే."

తప్పు చెవిది కాదు, చదువుది. బాయిలో గంట కొట్టేవాళ్లు పదిరకాలు. బద్ధకస్తుడు నొక్కి పట్టుకుంటాడు. తొందరగాడు తాకి వదిలేస్తాడు. కోపం మీదున్నవాడు పగలగొట్టేలా మోగిస్తాడు. వీటన్నిటినీ వదిలేసి లెక్క ఒక్కటే పట్టుకోవాలి. భూపాల్ కొత్తలో ఆ పొడుగూ పొట్టీ విని తికమకపడి పై ఆఫీసరు చేత తిట్లు తిన్నాడు. వాటిని వినకుండా ఉండటం అతను కష్టపడి నేర్చుకున్న విద్య. ఇప్పుడు ఆ విద్యే అడ్డం పడింది.

పావుగంట గడిచింది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయి కిటికీ అద్దాలు గలగలలాడాయి. భూపాల్ పది పరీక్షల్లో పదీ తప్పాడు. పదకొండోసారి "మూడు" అనబోయి "ముప్పావు" అన్నాడు, ఎందుకన్నాడో అతనికే తెలియదు. మంచం మీద నుంచి బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది. మల్లక్క నవ్వుతోంది. సగం నోటితో, కంటి కొసన నీళ్లతో.

ఇది తన నవ్వు. తనను చూసి నవ్విన నవ్వు. భూపాల్ బద్రుద్దీన్ వైపు ఒకసారి చూశాడు, ఆయన చూశాడో లేదోనని. చూశాడు. భూపాల్‌కు కొంచెం ఆకలి తీరినట్టయింది.

"చెవి ఇడిసిపెట్టు తమ్మీ" అన్నాడు బద్రుద్దీన్. "చెయ్యి ఇటియ్యి."

భూపాల్ అరచెయ్యి చాచాడు. బద్రుద్దీన్ ఆ చేతిని మల్లక్క వేలి కింద పెట్టి, తాను స్టూలు జరుపుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మల్లక్క వేలు అరచేతిలో అదిమింది. అదిమి ఉంచింది. ఎత్తింది. ఒక్కసారి తాకింది. మళ్లీ అదిమి ఉంచింది.

భూపాల్ భుజం దగ్గర ఏదో మెదిలింది. ఇంజన్ బ్రేకు పట్టే చెయ్యి అది. బ్రేకు విషయంలో లెక్క పనికిరాదు. పట్టి ఉంచడం వేరు, తాకి వదలడం వేరు. తాడు జారేటప్పుడు ఎంతసేపు పట్టాలో, ఎప్పుడు ఇట్టే తాకి వదలాలో అతని చేతికి పుట్టుకతో వచ్చినంత బాగా తెలుసు. చెవి ఇరవై తొమ్మిదేళ్లు లెక్కపెడుతూ కూర్చుంటే, చెయ్యి అన్నేళ్లూ పొడుగూ పొట్టీ కొలుస్తూనే ఉంది.

"పట్టి ఉంచు, తాకి ఇడువు, పట్టి ఉంచు" అన్నాడు భూపాల్.

"గదే" అన్నాడు బద్రుద్దీన్ కిటికీ వైపు నుంచే.

మల్లక్క ఇంకొకటి పంపింది. మూడూ పొట్టివే. "ఇది గాదు" అన్నాడు. ఇంకొకటి. "ఇదీ గాదు." ఇంకొకటి. భూపాల్ ఊపిరి పీల్చాడు. "ఇదే కె."

ఆమె రెప్ప వాల్చి ఎత్తింది. అవునని.

తర్వాత అతను పంపడం. బటను మీద అతని బొటనవేలు మొరటుగా పడింది. మొదటిసారి మూడూ సమానంగా వచ్చాయి. రెండోసారి పొట్టిది పొడుగైంది. మూడోసారికి చెమట పట్టింది. కళ్లు మూసుకుని, ముందు బ్రేకు పిడి ఉందనుకున్నాడు. పట్టి ఉంచాడు, తాకి వదిలాడు, పట్టి ఉంచాడు. డబ్బా సరిగ్గా కూసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి ఒక్క అక్షరం రాసి పలక చూపించే పిల్లవాడిలా పెళ్లాం వైపు చూశాడు.

ఆమె వేలి కింద మళ్లీ అరచెయ్యి పెట్టాడు. పొడుగు, పొట్టి, పొడుగు.

ఇగ నువ్వు చెప్పు.

ఇప్పుడు తెలిసింది భూపాల్‌కు, తాను నెల రోజులుగా దేనికి భయపడ్డాడో. పొమ్మంటోందని కోపగించుకుని లేచిపోవడం తేలిక. చెప్పమంటే కూర్చుని చెప్పాలి. చెప్పవలసింది ఒకటే ఉంది. బద్రుద్దీన్ మీద అతనికున్న కుళ్లులో సగం అందుకే. మల్లక్క ఆయనతో ఎన్ని మాటలు మాట్లాడినా ఫరవాలేదు గానీ, వాటిలో ఆమె పడిపోయిన ఆ పొద్దు సంగతి ఉందేమో. ఉంటే ఆయన ఏమనుకుంటున్నాడు? ఆ పొద్దు గురించి బద్రుద్దీన్ ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం కూడా భూపాల్‌ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

"నేను పోత తమ్మీ. మీరిద్దరు మాట్లాడుకోండ్రి" అని బద్రుద్దీన్ లేవబోయాడు.

"ఉండు భాయ్. నీకు గూడ అబద్ధం చెప్పిన. కూసో."

ఆయన కూర్చున్నాడు.

భూపాల్ భార్య చేతిని వదల్లేదు. ఆమె మొహం చూడలేక ఆ చేతికే చెప్పాడు. "ఆ పొద్దు నైటు డ్యూటీ దిగి ఏడున్నరకు ఇంటికొచ్చిన. చెయ్యి తిమ్మిరెక్కుతుంది అన్నవ్. మాట గూడ ముద్దముద్దగ వచ్చింది. నేను విన్న. వినలేదని కాదు, విన్న. జర పండుకో, తగ్గుతది అని నేను మంచమెక్కిన. పన్నెండింటికి లేచి చూస్తే వంటింట్ల పడి ఉన్నవ్."

దుప్పటి ఆమె మోచేతి దాకా లాగాడు. మళ్లీ అందుకున్నాడు.

"దవాఖానల అడిగితే అప్పుడే వచ్చిన, రాంగనే చూసిన అని చెప్పిన. కాలనీలోళ్లకు గదే చెప్పిన. భాయ్‌కు గదే చెప్పిన. జల్ది తీసుకొస్తే చెయ్యి గట్ల కాకపోతుండె, మాట పోకపోతుండె అని డాక్టర్ అన్నడు. నీకు చెప్పలే. నా వల్లనే నీ మాట పోయింది మల్లా. గా మాటతోని నువ్వు ఇంకొకలతోని ముచ్చట పెడితే నాకు కడుపుమంట. ఇగ ఇంతే. ఇంకేం లేదు."

భూపాల్ బటను అందుకున్నాడు. ఆమె తిట్టినా సరే, ఆ తిట్టు బద్రుద్దీన్ నోటితో వినవలసి వచ్చినా సరే. పట్టి ఉంచి, తాకి వదిలి, పట్టి ఉంచాడు. తన మాట అయిందని, ఇక ఆమెదేనని.

బటను ఆమె వేలి కిందికి జరిపాడు. బద్రుద్దీన్ చెవి మీది పెన్సిలు తీసి నోట్‌బుక్కు తెరిచాడు. మల్లక్క కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో మాట పూర్తయ్యాక ఆయన పైకి చదువుతున్నాడు.

"నాకు... ఎరుకే" అన్నాడు.

డబ్బా కూస్తోంది. ఆమె నుదుటి మీద చెమట పుడుతోంది. భూపాల్ కండువాతో అద్దాడు.

"నువ్వు... అలిసి... వచ్చినవ్."

భూపాల్ తల వంచుకున్నాడు. తిట్టు కోసం సిద్ధపడ్డ మనిషికి ఈ మాట మరీ మోయలేనిదైంది. మల్లక్క ఆగలేదు. వేలు ఇంకా పడుతూనే ఉంది, ముందుకంటే గట్టిగా.

"నీకు... చెప్పకముందే..." బద్రుద్దీన్ గొంతు తగ్గింది. "ఇంకొకలకు... చెప్పిన."

పెన్సిలు కాగితం మీద ఆగింది. భూపాల్ తలెత్తాడు.

"ఎవలకు?" అన్నాడు. "ఏడున్నరకంటే ముందా? ఎవలకు చెప్పింది భాయ్? రాయి, అడుగు."

బద్రుద్దీన్ రాయలేదు. అడగలేదు. కళ్లజోడు వెనక ఆయన కళ్లు కాగితాన్ని చూస్తున్నాయి గానీ చదువుతున్నట్టు లేదు. మల్లక్క ఎడమకన్ను మూసింది. కుడికంటితో చూసింది. భూపాల్ వైపు కాదు. డబ్బా మూడుసార్లు కూసింది. పొడుగు, పొట్టి, పొడుగు.

ఆ అక్షరం తనకు కాదని భూపాల్‌కు తెలిసింది. అది ఎవరికో కూడా తెలిసింది. నాలుగు నెలలుగా ఒక్క రోజు తప్పకుండా ఈ స్టూలు మీదికి వచ్చి కూర్చునే మనిషిని అతను కొత్తగా చూసినట్టు చూశాడు.

బద్రుద్దీన్ నోట్‌బుక్కు మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఆరుంబావుకు చెల్లె నాకు ఫోన్ చేసింది తమ్మీ. నేను ఎత్తిన, ఇన్న. రాలే."